బాపు కాళ్లు మొక్కుడు

పోయిన కార్తీకంలో ఒక రాత్రి రెండు దాటాక బాపు నన్ను లేపాడు. "ఎడమ కాలు మొద్దుబారిందిరా, నాది కానట్టే ఉంది" అన్నాడు. పరకాల దగ్గర మా ఊర్లో ఆ టైంలో ఏం చేస్తాం? అమ్మ నూనె వేడిచేసి రుద్దింది, ఆర్‌ఎంపీ వచ్చి నరం పట్టిందని నొప్పి సూది వేసి పొద్దున చూద్దామన్నాడు.

హన్మకొండలో నర్సుగా చేసే చెల్లెకు ఫోన్ చేస్తే, "రెండు పాదాలూ ఒకేసారి పట్టుకుని చూడన్నా" అంది. కుడిది వెచ్చగానే ఉంది, ఎడమది మాత్రం చల్లటి రంజన్ కుండను తాకినట్టుంది. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లగానే ఉండిపోయింది. "రుద్దకండి, కాపడం పెట్టకండి, స్పర్శ లేని కాలు కాలినా తెలియదు, వెంటనే కారెక్కండి" అని అరిచింది.

ఆస్పత్రిలో రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ యంత్రం పెడితే కుడి పాదం దగ్గర షుక్ షుక్ అని చప్పుడు, ఎడమ దగ్గర ఏమీ లేదు. ఈసీజీలో గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అట్లాంటి గుండెలో కట్టిన గడ్డ రక్తంతో పాటు వచ్చి కాలి ధమనిలో అడ్డం పడిందట. ముందు గడ్డ పెరగకుండా హెపారిన్ అనే మందు ఇచ్చారు. ఇట్లా రక్తం ఆగిన కండరం సుమారు 6 గంటల తర్వాత చచ్చిపోవడం మొదలవుతుందని చెప్పగానే నాకు నూనె రుద్దిన గంట గుర్తొచ్చింది.

కాలు కోస్తారేమోనని టెన్షన్ పడ్డాం కానీ, గజ్జల దగ్గర మత్తు సూది వేసి, చిన్న రంధ్రంలోంచి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గడ్డను పీల్చేశారు. బాపు మెలకువగానే ఉన్నాడు. తర్వాత డాక్టర్ గాజుగుడ్డ మీద చూపించాడు, నేరేడుపండు తొక్కల్లాంటి నల్లటి ముక్కలు. గొట్టం చివర బుడగ ఉబ్బించి గడ్డను బయటికి లాగే పద్ధతిని ఫోగర్టీ అనే అమెరికా సర్జన్ 1963లోనే ప్రచురించాడట, దానికైతే చిన్న కోత కావాలి. కాలు కదపలేని స్థితికి వస్తే చాలాసార్లు ఆపరేషనే దిక్కు, అదీ దాటితే కాలు తీసేయడమే.

కింద మిగిలిన ముక్కలు కరగడానికి అదే గొట్టంలోంచి రాత్రంతా మందు ఎక్కించారు. ఎక్కడైనా రక్తస్రావం కావచ్చని ఐసీయూలో కాలు కదపనివ్వలేదు. రక్తం తిరిగి పారితే పిక్క వాచి బిగుసుకోవచ్చని మాటిమాటికీ నొక్కి చూశారు, అది మాత్రం నేను అనుకోలేదు.

ఇప్పుడు రక్తం పలచబడే గోలీలు రోజూ తప్పవు. బీడీ మాత్రం మానానంటాడు, నేను పూర్తిగా నమ్మను. పొద్దున్నే అమ్మ మంచం దగ్గర కూర్చుని రెండు పాదాలూ పట్టుకుని చూస్తుంది.

"ఏందే, పొద్దుగాల్నే కాళ్లు మొక్కుతున్నవ్?" అంటాడు బాపు.