ఫోబ్జిఖాలో ఉదయం, సాయంత్రం

నవంబరు, శనివారం. ఫోబ్జిఖా లోయ, భూటాన్.

పొద్దున ఆరింటికి గడ్డి అంతా మంచు పట్టి తెల్లగా ఉంది. కొంగలు ఇంకా లోతులేని నీళ్ళలోనే నిలబడి ఉన్నాయి. రాత్రంతా అక్కడే నిద్ర. నక్కో కుక్కో దగ్గరికొస్తే నీటి చప్పుడుకే మెలకువ వస్తుంది. ఎండ తగిలాక రెండూ మూడూ చొప్పున లేచి, కోతలైన పొలాల మీదికి వెళ్ళిపోయాయి. మన చెరువుగట్టు కొంగలు కావివి, సారస పక్షికి దగ్గరి చుట్టాలు. నల్ల మెడ, నెత్తిన ఎర్రటి మచ్చ. ఇక్కడివాళ్ళు వాటి అరుపునే పేరుగా పెట్టి ‘త్రుంగ్ త్రుంగ్’ అంటారు. టిబెట్ నుంచి అక్టోబరు చివర్లో మొదలుపెట్టి వస్తాయి, ఫిబ్రవరి, మార్చిల్లో తిరిగి వెళ్తాయి. వాటి రెక్కలకు తగలకూడదని లోయలో కరెంటు తీగలు నేల కింద వేశారు. చూస్తే కడుపు నిండిపోయే సంగతి.

చాలామంది పునాఖా పట్టణం నుంచి మధ్యాహ్నానికి వచ్చి, భోంచేసి వెనక్కి వెళ్ళిపోతారు. ఆ వేళకి పక్షులు చెదిరిపోయి ఉంటాయి, గాలి మొదలవుతుంది. వచ్చిన పని కాదు. కనీసం ఒక రాత్రి ఉండాలి, రెండైతే మరీ మంచిది. మన భారతీయులకి మనిషికి రాత్రికి 1200 రూపాయల భూటాన్ ప్రభుత్వ రుసుము ఉంది. అది లెక్కేసుకున్నా దండగ కాదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ తెచ్చుకోవాలి, ఆధార్ చాలదు.

పగలు నడవాలంటే గాంగ్‌తే గోంపా అనే బౌద్ధ మఠం దగ్గర మొదలుపెట్టాలి. పై నుంచి కిందికి దిగే దారి కనుక ఆయాసం తక్కువ. సెమ్‌చుబారా ఊరు, పైన్ చెట్లు దాటి లోయ అంచునే సుమారు అయిదు కిలోమీటర్లు, రెండు గంటల నడక. మంచు కరిగాక దారి జారుతుంది, గుడ్డ బూట్లు వద్దు. ఎత్తు మూడు వేల మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి మొదటి రోజు తలనొప్పి రావచ్చు. తొందరపడకుండా, నీళ్ళు తాగుతూ నడవాలి.

సాయంత్రం కొంగలు తిరిగొచ్చేవేళకి లోయ అంచునే ఆగాలి. బురదనేలలోకి దిగితే ఎగిరిపోతాయి, చీకటిపడ్డాక వాటికి వేరే చోటు దొరకదు.

రాత్రికి రాళ్ళ స్నానం. ఏటి రాళ్ళని కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, చెక్క తొట్టిలో అడ్డు పలకకి అవతల వేస్తారు. బుస్సుమంటుంది. నీళ్ళలో వేసే ఆకు మన వినాయకచవితి మాచిపత్రి జాతిదే, వాసన పట్టిస్తుంది. కాళ్ళ వైపు పలక దగ్గరికి జరిగితే కాలుతుంది. పావుగంట చాలు, ఎక్కువసేపు ఉంటే ఈ ఎత్తులో కళ్ళు తిరుగుతాయి. నీళ్ళు చల్లారితే కేకేస్తే చాలు, బయటినుంచి ఇంకో రాయి వేస్తారు.