ట్రక్కు క్యాబిన్‌లో ఫ్రిజ్: చిక్కంతా వైరులోనే
ఫ్రిజ్ మాటిమాటికీ ఆగిపోతుంటే బ్యాటరీ మార్చే ముందు వైరు చూడండి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్ల వైరు. అది 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే దారిలోనే అర వోల్టు పైగా పోతుంది. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో వోల్టేజీ ఇంకా పడిపోయి, బ్యాటరీలో ఛార్జ్ ఉన్నా అయిపోయిందనుకుని ఫ్రిజ్ తనంతట తానే కటాఫ్ అవుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే నష్టం పావు వోల్టు లోపే.

15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఫ్రిజ్ దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు కాపాడేదేమీ ఉండదు. సిగరెట్ లైటర్ సాకెట్‌ని నమ్మొద్దు, కుదుపులకు పిన్ను వదులై వేడెక్కుతుంది.

రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపిన 24 వోల్టుల బండిలో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీయడం మాత్రం అసలు వద్దు: ఒకటి ఖాళీ అవుతూ, రెండోది ఓవర్‌ఛార్జై, రెండూ పాడవుతాయి.