అడవి నిండా రంగులే, ఫ్రేమ్‌లో ఏది ఉంచాలి?

పొద్దున లేచేసరికి మబ్బు పట్టి ఉంది. ఎండ రాలేదని మిగతావాళ్లు నిట్టూర్చినా, ఆకులు రంగు మారే రోజుల్లో అడవిలో ఫోటోలు తీసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి! ఎండ కాస్తే గుబుర్లలో ఒకచోట కళ్లు చెదిరే మచ్చ, ఆ పక్కనే చీకటి. రెండూ ఒకే ఫోటోలో ఇమడవు. మబ్బుంటే ఆ గొడవ లేదు. పైగా రాత్రి జల్లు పడింది. తడిసిన బెరడు నల్లబడి, దాని ముందున్న ఆకులు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

దట్టమైన అడవితో ఒక తంటా ఉంది. నిలబడి చూస్తే ఎంతో బాగుంటుంది, ఫోటో తీస్తే అంతా కలగాపులగం. మనకు రెండు కళ్లున్నాయి, తల కాస్త కదిపినా ముందు కొమ్మేదో వెనక కొమ్మేదో విడివిడిగా తెలిసిపోతుంది. లెన్స్‌ది ఒంటికన్ను. అందుకే నేను ముందు ఆకుల వైపు చూడను, మానుల వైపు చూస్తాను. ఏ మాను వెనక ఏ మాను దాక్కుంది, రెండింటి మధ్య సందు ఉందా లేదా, అంతే. ఒకదాని మీద ఒకటి పడితే రెండు చెట్లు కలిసి ఒక లావుపాటి దిమ్మలా కనిపిస్తాయి. జూమ్ ఎంత తిప్పినా ఆ సందు రాదు. మనమే అటో ఇటో జరగాలి.

ఇవాళ దొరికింది ఒక సన్నటి బిర్చ్ చెట్టు. తెల్లటి బెరడు, దానికి అడ్డంగా ఒక మేపుల్ రెమ్మ, రెమ్మకు నాలుగైదు ఎర్రటి ఆకులు. చుట్టూ ఎక్కువగా పసుపే, వెనక మాత్రం ఇంకా కాస్త ఆకుపచ్చ ఉంది. ఆ పసుపు వేసవంతా ఆకులోనే ఉంటుంది, పత్రహరితం విరిగిపోయాక బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, చాలావరకు ఈ రోజుల్లోనే కొత్తగా తయారవుతుంది, అదీ ఎండ బాగా తగిలే ఆకుల్లో ఎక్కువ. అందుకే అడవి లోపల, నీడలో, ఎర్రటి రెమ్మ కనబడితే వదలను. చూపు ఆగడానికి ఒక చోటు దొరికినట్టే.

దూరాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్స్ పెట్టి, పైన తెల్లగా కనబడే ఆకాశం ముక్కలు రాకుండా ఫ్రేమ్ కిందికి దించాను. అవి ఉంటే చూపు ముందు అక్కడికే పోతుంది. తడి ఆకుల మీద ఆకాశం మెరుపు తెల్లటి పొరలా పరుచుకుని ఉంది. మెరుపును కోసేసే ఫిల్టర్ పోలరైజర్‌ని లెన్స్ ముందు మెల్లగా తిప్పుతుంటే ఒక దగ్గర ఆ పొర జారిపోయి, ఈనెలతో సహా ఆకు అసలు రంగు బయటపడింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది గమ్మత్తుగానే ఉంటుంది. దీనికి ఒకటి రెండు స్టాపుల వెలుతురు పోతుంది, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది. లెన్స్ రంధ్రం ఎఫ్/11, వెలుతురుకు సెన్సర్ స్పందన అంటే ఐఎస్ఓ 100 దగ్గర షట్టర్ 1/8 సెకనుకు పడిపోయింది. రెమ్మేమో ఊగుతోంది. ఐఎస్ఓ 800 చేస్తే 1/60 వచ్చింది, గాలి తగ్గేదాకా ఆగి తీశాను. కాస్త గ్రెయిన్, అంటే చుక్కల గరుకు వస్తే తర్వాత సర్దుకోవచ్చు, కదిలిన ఆకును ఎవరూ బాగుచేయలేరు. చీకటి వెలుతురుల పంపకాన్ని చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్, మొత్తంగా బాగానే ఉన్నా రెడ్ ఛానల్ ఒక్కటే కుడి గోడకు ఆనుకుంది, అంటే ఎరుపులో వివరాలు పోయే ప్రమాదం ఉంది, ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించాల్సి వచ్చింది.

సాయంత్రం రా ఫైల్, అంటే కెమెరా ఏ మెరుగులూ దిద్దని ఫోటో తెరిచాను. వెలుతురు రంగును తనంతట తానే సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆకుల నుంచి వచ్చే పసుపు వెలుతురును ఏదో తేడా అనుకుని చల్లబరిచేసింది. 5500 కెల్విన్ దగ్గర పెట్టాక అడవి అడవిలా అయింది. ఆ తర్వాత కాసేపు ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను. బిర్చ్ మాను నిలబడింది, ఎర్రటి ఆకులు మాత్రం వెనకున్న ఆకుపచ్చలో మాయమయ్యాయి, రెండింటి బూడిద రంగూ ఒకటే. అంటే ఆ ఆకులను నిలబెడుతున్నది రంగొక్కటే. అందుకని మార్పు అక్కడికే పరిమితమయ్యేలా రెమ్మ మీద మాస్క్ వేసి రవ్వంత వెలుతురు పెంచాను, వెనక చెట్లకు కాంట్రాస్టూ, మసకను పోగొట్టే డీహేజూ తగ్గించాను. లోతు అక్కడి నుంచే వచ్చింది.

రంగుల గాఢత పెంచే శాచురేషన్ జోలికి పోలేదు. పసుపును నారింజ వైపు నెట్టడం కూడా నాకు నచ్చదు. ఇంకా రంగు మారని నాలుగు ఆకుపచ్చ ఆకులుంటేనే కదా పక్కనున్న పసుపుకు విలువ! ఫోటోగ్రాఫర్ మైకేల్ ఓర్టన్ 1980లలో ఒక షార్ప్ ఫిల్మ్ స్లైడ్ మీద ఇంకో మసక స్లైడ్ పెట్టి తెచ్చిన మెరుపు ఈ ఫోటోలకు బాగానే నప్పుతుంది, కానీ చిటికెడంతే. ఈమధ్య చాలామంది వేస్తున్న మోతాదు చూస్తే అడవి మొత్తానికి ఆవిరి పట్టినట్టుంటోంది.

ఎడమ అంచున సగం తెగిన మాను ఒకటి ఇంకా ఇబ్బంది పెడుతోంది. క్రాప్ చేస్తే రెమ్మ చివర పోతుంది, ఉంచితే చూపు అటే లాగుతుంది. దాన్ని కొంచెం చీకటి చేసి వదిలేశాను. రాత్రిపూట గంటలకొద్దీ స్క్రీన్ చూశాక కళ్లు ఎంత గాఢమైన రంగుకైనా అలవాటు పడిపోతాయి కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేయలేదు. పొద్దున పగటి వెలుతురులో ఇంకోసారి చూసి, ఆ ఎరుపు ఇంకాస్త దించాలో వద్దో తేల్చుకుంటాను.