సింగపూర్ యాంకరేజ్‌లో ఒక బంకరింగ్ రాత్రి

మా ఆయన కార్గో షిప్‌లో చీఫ్ ఇంజనీర్, ఈసారి ఫ్యామిలీకి పర్మిషన్ దొరికితే నేనూ ఎక్కేశాను, అలా సింగపూర్ వచ్చాం గానీ ఊళ్ళోకి దిగింది లేదు, తూర్పు వైపు యాంకరేజ్‌లో లంగరేసుకుని ఆయిల్ కోసం ఆగాం. ఎటు చూసినా ఓడలే. ప్రపంచంలో ఓడలకి ఎక్కువ ఆయిల్ పోసే పోర్టు ఇదే, 2024లో దాదాపు 5.5 కోట్ల టన్నులు! దీన్నే బంకరింగ్ అంటారు, బొగ్గుతో నడిచే రోజుల్లో ఓడలో బొగ్గు నిల్వచేసే చోటు పేరు బంకర్, బొగ్గు పోయినా ఆ పేరు పోలేదు.

చీకటి పడుతుండగా బంకర్ బార్జి, అంటే ఆయిల్ మోసుకొచ్చే చిన్న ఓడ, మెల్లగా వచ్చి మా ఓడని ఆనుకుంది. పైన ఎర్ర లైటు వెలిగించారు, డెక్ మీద నీళ్ళు పోయే కంతలన్నీ మూసేశారు, ఒక్క చుక్క కూడా సముద్రంలో పడకూడదు కదా. లావుపాటి హోస్‌ని క్రేన్‌తో పైకి లాగి మా పైపుకి బోల్టులేసి బిగించారు. ఈ ఆయిల్ చల్లారితే చిక్కబడిపోతుంది, అందుకే వేడి చేసి పంపిస్తారు, తారు వాసన గుప్పుమంది.

నాకు బాగా నచ్చింది మాత్రం శాంపిల్ తీయడం. పైపు దగ్గర చిన్న వాల్వ్, దాని కింద ప్లాస్టిక్ డబ్బా, పంపింగ్ మొదలైనప్పట్నుంచి ఆగేదాకా నల్లటి చుక్కలు ఒక్కొక్కటే అందులో పడుతూనే ఉంటాయి, మధ్యలో నాసిరకం కలిపినా ఆ డబ్బాలో దొరికిపోతుంది. "ఏమండీ, దీనికింత కాపలా ఎందుకు?" అంటే "రేపు నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోతే మనకి ఇదే సాక్ష్యం" అన్నారు. ఇంతకుముందు వేరే పోర్టులో ఆయిల్‌లోకి గాలి కొట్టి పోశారట, నురగతో ట్యాంక్ నిండినట్టే కనిపించింది, తెల్లారి కొలిస్తే లెవెల్ దిగిపోయింది. ఇక్కడ 2017 నుంచి మాస్ ఫ్లో మీటర్ తప్పనిసరి, అది బరువుని కొలుస్తుంది కాబట్టి గాలి పోసి లెక్క పెంచడం చాలా కష్టం. 2020 నుంచి, పొగని శుభ్రం చేసే పరికరం లేని ఓడలకి పోసే ఆయిల్‌లో సల్ఫర్ కూడా 0.5 శాతం దాటకూడదు, అంతకుముందు 3.5 దాకా ఒప్పుకునేవాళ్ళట.

తెల్లవారుజామున మూడింటికి అయింది. డబ్బాలోది బాగా కలిపి సీసాల్లో పోసి, సీలేసి, రెండు వైపుల వాళ్ళూ సంతకాలు పెట్టారు. అందులో ఒకటి కనీసం ఏడాది ఓడలోనే దాచాలి. ఆయన లేబుల్ మీద సంతకం చేస్తుంటే టార్చి నేనే పట్టుకున్నా, సీసా ఇంకా గోరువెచ్చగానే ఉంది.