ఏడో బ్యాచ్ ఏడిపించింది

వాడేసిన వంటనూనెతో బయోడీజిల్ చేస్తుంటాను. ఆరో బ్యాచ్ బ్రహ్మాండంగా కుదిరింది, డీజిల్లో 20 శాతం కలిపి కొబ్బరితోటలో ఆయిల్ ఇంజిన్ నాలుగు గంటలు తిప్పాను. పొగలో బజ్జీల వాసన, అంతే. ఆ ధీమాతోనే ఏడోదాన్ని పాడుచేశాను.

పాలకొల్లు బజ్జీల బండి బాబాయ్ ఇచ్చిన 20 లీటర్ల పామాయిల్ ఇది. నూనెలో ఆమ్లం ఎంతుందో కొలిచే టైట్రేషన్ మూడుసార్లు చేస్తే 2.6, 2.5, 2.6 వచ్చాయి. అంటే లీటరుకి తాజా నూనెకైనా వేసే 3.5కి ఈ 2.6 కలిపి 6.1 గ్రాములు, మొత్తం 122 గ్రాముల కాస్టిక్ సోడా, 4 లీటర్ల మిథనాల్, 55 డిగ్రీల దగ్గర గంటన్నర కలపడం. తెల్లారి చూస్తే, నూనె నుంచి విడిపోయి అడుగుకి చేరే గ్లిజరిన్ రెండు లీటర్లు కూడా దిగలేదు, ఆరో బ్యాచ్‌లో ఇదే లెక్కకి మూడున్నర దిగింది. అక్కడే ఆగాల్సింది. ఆగకుండా ఐదు లీటర్ల నీళ్లు పోసి, మిగిలిన కాస్టిక్, సబ్బు పోయేలా కడగడం (వాష్) మొదలెట్టాను, పది నిమిషాల్లో డ్రమ్మంతా గడ్డపెరుగు! గుప్పెడు ఉప్పు వేసి 60 డిగ్రీలకి వేడిచేసి రెండు రోజులు వదిలేస్తే పైన 11 లీటర్లు తేరింది, మధ్యలో తెల్లటి ముద్ద అలాగే ఉంది. బయోడీజిల్ మిథనాల్లో కరుగుతుంది, మారని నూనె కరగదు. తేరినదైనా పనికొస్తుందా అని 27 ఎం.ఎల్. మిథనాల్లో 3 ఎం.ఎల్. పోసి చూశాను, అడుగున 0.4 ఎం.ఎల్. నూనె పేరుకుంది. అంటే రియాక్షనే సగంలో ఆగింది.

మొదటి అనుమానం కాస్టిక్ మీద. సగం వాడిన డబ్బా, మా కోనసీమ గాలికి మూత తీసిన పావుగంటలో పలుకులు చెమ్మగిల్లిపోతాయి. రెండో అనుమానం నూనెలో నీళ్లు, అవుంటే నూనె సబ్బైపోతుంది. మిగిలిన నూనె బాగా కలియబెట్టి 458 గ్రాములు తూచి, 120 డిగ్రీల దాకా కాచి చిటపటలు ఆగాక మళ్లీ తూచాను: 452. అంటే 1.3 శాతం, 20 లీటర్లకి పావు లీటరు నీళ్లు! బాబాయ్‌ని అడిగితే "కాగిన నూనెలో నీళ్లెక్కడివండి, మీకని డబ్బా శుభ్రంగా కడిగి మరీ పోశాను" అన్నాడు. ఆయన్నేమనగలం.

తేల్చుకోడానికి లీటరు చొప్పున మూడు సీసాలు పెట్టాను. తడి నూనె, కొత్త కాస్టిక్ వేస్తే మళ్లీ పెరుగే. కాచిన నూనె, పాత కాస్టిక్ వేస్తే వాష్‌లో కాస్త తెల్లబడి గంటలో విడింది, కానీ మిథనాల్ పరీక్షలో చుక్క నూనె తేలింది. కాచిన నూనె, కొత్త కాస్టిక్ వేసినది అద్దంలా ఉంది. కాబట్టి ప్రధాన దొంగ నీళ్లు, కాస్టిక్ తోడుదొంగ.

అక్వేరియం పంపుతో బుడగల వాష్ మంచిదని చాలామంది అంటారు, నాకు నచ్చదు. అంత మెల్లగా కడిగితే సగం అయిన రియాక్షన్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. సీసాలో సగం బయోడీజిల్, సగం నీళ్లు పోసి గట్టిగా ఊపండి, అరగంటలో విడిపోతే సరే, లేదంటే వెనక్కి వెళ్లాల్సిందే.

ఎనిమిదో బ్యాచ్‌కి కాస్టిక్ మానేసి పొటాషియం హైడ్రాక్సైడ్ తెప్పిస్తున్నాను, కాస్టిక్ బరువుకి 1.4 రెట్లు వెయ్యాలి, ధర ఎక్కువే, కానీ గ్లిజరిన్ గడ్డకట్టి కుళాయికి అడ్డుపడే బాధ ఉండదు. పామాయిల్‌తో చేసింది సంక్రాంతి చలికి మబ్బుపట్టినట్టు అవుతుంది కాబట్టి ఈలోపే వాడెయ్యాలి. బయోడీజిల్ దెబ్బకి ఇంజిన్ రబ్బరు గొట్టం అప్పుడే మెత్తబడుతున్నట్టుంది, ముందు అది మార్చాలి.