ఫ్లోరెన్స్‌కీ వెనిస్‌కీ మధ్య ఒక్క పగలు

అక్టోబరులో అమ్మను ఇటలీ తీసుకెళ్తున్నాను. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కు రైల్లో వెళ్తూ మధ్యలో ఎక్కడ దిగాలా అని ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో వారంగా ఒకటే చర్చ.

నా మనసంతా పాడువా మీదే ఉండేది. అక్కడి స్క్రోవెన్యి చాపెల్ అనే చిన్న చర్చిలో చిత్రకారుడు జొట్టో 1305 ప్రాంతంలో పూర్తిచేసిన కుడ్యచిత్రాలు చూడాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. కానీ టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. బొమ్మలకు తేమ తగలకుండా ముందు పావుగంట ఏసీ గదిలో కూర్చోబెట్టి, తర్వాత పావుగంట లోపల ఉండనిస్తారు. రైలు ఆలస్యమైతే అంతే సంగతులు. సూట్‌కేసులతో ఆ టెన్షన్ అమ్మకు వద్దు. పైగా వెనిస్ నుంచి పాడువా అరగంటే, సామాన్లు లేకుండా ఇంకో రోజు వెళ్లిరావచ్చు.

అందుకే బొలోన్యా. ఫ్లోరెన్స్ నుంచి ఫాస్ట్ రైల్లో 40 నిమిషాలు, అక్కణ్ణించి వెనిస్‌కు గంటన్నర. సామాన్లు స్టేషన్లోనే దాచుకోవచ్చు. ఊరంతా కప్పున్న నడవాలే, ఎండైనా వానైనా బెంగలేదు. సాన్ లూకా గుడి దాకా కొండెక్కే నడవాకైతే 666 కమానులు! అమ్మ ఫోన్లో ఆ ఫోటో పెద్దది చేసి చూసి, "మన సింహాచలం మెట్లదారిలా ఉందే, నీడ కూడా ఉంది" అంది.

మేం మాంసం తినం. అక్కడి టోర్టెల్లినీ అనే పాస్తాలో పంది మాంసం పెడతారు, టోర్టెల్లోనీ అనే ఇంకో రకంలో మామూలుగా రికొట్టా చీజ్ ఉంటుంది. రెండు పేర్లూ అమ్మ తన చిన్న డైరీలో తెలుగులో రాసుకుని, మొదటిదాని మీద పెద్ద ఇంటూ పెట్టింది.