నంది కొండ కింద నీళ్ళ లెక్క

బెంగళూరుకు వచ్చి పదకొండేళ్ళయినా నంది కొండ నాకు తెల్లవారుజామున బయలుదేరి, సూర్యోదయం చూసి, దారిలో ఇడ్లీ తిని తిరిగివచ్చే చోటుగానే తెలుసు. మొన్న ఫిబ్రవరి చివర్లో మా ఆఫీసు మిత్రుడు తన మేనమామగారి తోటలో కోత మొదలైందని వెంట తీసుకువెళ్ళడంతో, కొండ ఎక్కకుండా దాని కిందే ఒక రోజంతా గడిపాను. వారిది చిక్కబళ్ళాపురం ప్రాంతపు తెలుగు కుటుంబం. మూడు తరాలుగా ద్రాక్ష పండిస్తున్నారు. కొన్నేళ్ళుగా ఆ పండుతో తామే వైన్ కూడా చేస్తున్నారు. (మా అమ్మకు ద్రాక్షతోటకు వెళ్తున్నానని మాత్రమే చెప్పాను. అది అబద్ధమేమీ కాదు.)

ఈ ప్రాంతపు పాత పంట బెంగళూరు బ్లూ. ముదురు నీలం రంగు, మందమైన తొక్క, ఒక విధమైన ఘాటు వాసన గల ఈ పండుకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వైన్ కోసమే ఫ్రెంచి రకాలు నాటే పని ఇక్కడ 1988లో దొడ్డబళ్ళాపురం దగ్గర కన్వల్ గ్రోవర్ కుటుంబంతో ఊపందుకుంది. మేము వెళ్ళిన తోటలో ఆరెకరాలకుగాను రెండెకరాల్లో పాత బ్లూ పందిళ్ళే ఉన్నాయి. మిగిలిన నాలుగింటిలో షిరాజ్, కాబర్నే అనే ఫ్రెంచి రకాల తీగలను వరుసలుగా తీగకంచెలపై పాకించారు.

నంది శిఖరం ఎత్తు 1,478 మీటర్లు. తోటలు శిఖరం మీద కాక దిగువనే ఉన్నా, దక్కన్ పీఠభూమి ఎత్తు వల్ల అక్కడ కూడా రాత్రులు చల్లబడతాయి. పగటి ఎండకు పండులో చక్కెర పెరుగుతుంది; రాత్రి కూడా వేడిగానే ఉంటే పండులోని పులుపు త్వరగా ఖర్చైపోతుంది, చల్లగా ఉంటే నిలుస్తుంది. తినే ద్రాక్షకు తీపి ఉంటే చాలు గాని, పులుపు లేని పండుతో చేసిన వైన్ చప్పగా ఉంటుంది. హైదరాబాదులో మా తాతగారి పెరటి అనాబ్-ఎ-షాహీ గుత్తులను తలచుకుంటూ నేను కాబర్నే పండొకటి నోట్లో వేసుకున్నాను. బఠాణీ గింజంత ఉంది. సగం విత్తనాలు, తొక్కే.

పండు అంత చిన్నదిగా ఉండటం వారు కోరి చేయించుకున్నదే. కాయ రంగు తిరిగిన తరువాత డ్రిప్ నీళ్ళు బాగా తగ్గిస్తారు. తీగకు కొద్దిగా దప్పిక తగిలితే కాయ ఉబ్బదు, రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువవుతుంది. వైన్‌కు రంగు, వగరు వచ్చేది ఆ తొక్క నుంచే. "బోరు పన్నెండు వందల అడుగులకు పోయింది నాయనా. నీళ్ళు లేక తగ్గించినామా, వైన్ కోసం తగ్గించినామా అని అడిగితే రెండూ నిజమే," అన్నారు పెద్దాయన, అంటే ఆ మేనమామగారు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లాలో పర్యావరణహితం అనే మాటకు ఇంతకంటే సూటి అర్థం నాకెక్కడా దొరకలేదు. వాలుకు అడ్డంగా వేసిన గట్లు, వరుసల మధ్య చల్లి దున్నేసే జనుము, పీపాలు కడిగిన నీటిని వడకట్టి బ్లూ తోటకు మళ్ళించే కాలువ, అన్నీ ఆ లెక్కలోవే. రసం తీసిన పిప్పి పేడతో కలిసి ఎరువుకుప్పలో మాగుతోంది.

మన ఎండలకు తీగ చలిదేశాల్లో లాగా నిద్రపోదు కనుక, ఏప్రిల్‌లో ఒకసారి, దసరా ప్రాంతంలో ఇంకోసారి కత్తిరించి దానికి ఋతువులను మనిషే కల్పించాలి. ఇది ఖర్చూ శ్రమా ఎక్కువైన సేద్యం.

మందులు కొట్టని తోట అని వారు చెప్పుకోకపోవడం నాకు నచ్చింది. రెండో కత్తిరింపు తరువాత వానలు పట్టుకుంటే బూజు తెగులు కొన్ని రోజుల్లోనే తోటను తినేస్తుంది. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే వాడతారు. ఫ్రాన్సులో దారి పక్కన పండ్లు దొంగలు కోయకుండా చల్లిన పూతను చూసి మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో లోకానికి చెప్పిన మందు అది. సేంద్రియ సాగులోనూ దానికి అనుమతి ఉంది. అయితే మైలుతుత్తంలోని రాగి లోహం మట్టిలో కరిగిపోదు, ఏటికేడు పేరుకుంటుంది. అందుకే ఐరోపా సమాఖ్య హెక్టారుకు ఏడేళ్ళలో 28 కిలోల రాగికి మించకూడదని హద్దు పెట్టింది. ఇక్కడ అడిగేవారు లేకపోయినా పెద్దాయన కూతురు ఆ హద్దునే తమకూ పెట్టుకుని, ప్రతి పిచికారీని ఒక నోటుబుక్కులో రాస్తున్నారు.

సాయంత్రం ఆ పుస్తకం చూపించారు. ఎడమ పేజీలో డ్రిప్ నడిచిన గంటలు, కుడి పేజీలో రాగి గ్రాములు. గత అక్టోబరు వానల వారంలో మూడు వరుసలు ఎర్ర సిరాతో ఉన్నాయి. "ఆ వారం నాన్నకూ నాకూ మాటల్లేవండి," అన్నారామె, పెద్దాయన వింటుండగానే. ఆయన నవ్వి, బుట్టలు లెక్కపెట్టడానికి లేచి వెళ్ళారు.